నూగు ఆకు, నున్నని ఆకు – పంట మొక్కల ఆత్మరక్షణ

2025 వేసవిలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో అనేక చోట్ల పెరటి బెండ, వంగ మొక్కల ఆకులు అంచుల వెంబడి పసుపుబారి, పిదప ఎర్రబడి, కిందికి ముడుచుకొని, చివరకు నిప్పు సెగ తగిలినట్లు ఎండిపోయాయి. ఇటువంటి ఆకును చూడగానే నీరు చాలలేదనో, ఎరువు ఎక్కువైందనో అనుకోవడం సహజం. ఆకును తిరగవేసి చూస్తే అసలు కారణం తెలుస్తుంది. అడుగుభాగాన లేత ఆకుపచ్చని చిన్న పురుగులు ఉంటాయి. తాకగానే అవి పీతల వలె పక్కవాటుగా పరుగెత్తి ఈనెల చాటుకు చేరుతాయి. రెక్కలు వచ్చినవి మూడు మిల్లీమీటర్ల పొడవుంటాయి. వాటి రెక్కల చివర ఒక్కొక్క నల్లని చుక్క ఉంటుంది.

దీని శాస్త్రీయ నామం అమ్రాస్కా బైగట్టులా. గుంటూరు, వరంగల్లు, ఆదిలాబాదు పత్తి రైతులు ఎంతో కాలంగా పచ్చదోమ అని పిలుస్తున్న పురుగు ఇదే. ఆసియా ఖండానికి చెందిన ఈ కీటకాన్ని 2023లో ప్యూర్టోరికోలోను, 2024లో ఫ్లోరిడాలోను గుర్తించారు. 2025లో అది జార్జియా, దక్షిణ కరోలినా, అలబామా మొదలైన రాష్ట్రాల పత్తి పొలాలకు చేరింది. ఊరి పొలంలో విడిచి వచ్చామనుకొన్న పురుగు సముద్రాలు దాటి పెరట్లోని బెండపాదు దగ్గర ఎదురైనది.

బెండకాయలు కోసిన చేతికి దురద పెట్టడం ఎరుగని తెలుగిల్లు ఉండదు. ఆ దురదకు కారణం ఆకుల మీద, కాడల మీద, కాయల మీద ఉండే నూగు. ఈ నూగు మనుషులను బాధించడానికి పుట్టినది కాదు. ఆకు ఉపరితలంపై నుండే కణాలు కొన్ని బయటికి పొడుచుకొని వచ్చి వెండ్రుకల రూపం ధరిస్తాయి. ఎండ తీవ్రతను, నీటి నష్టాన్ని తగ్గించడంతో పాటు, పురుగును ఆకు వద్దకు చేరనీయకుండా ఆపడం వాటి పనులలో ఒకటి. ఒకే పంటలో ఒక రకం మొక్క పురుగు తాకిడికి కూలిపోగా, పక్కనే మరొక రకం పచ్చగా నిలిచి ఉండడానికి పెక్కు సందర్భాలలో ఆకు పైపొర తీరే కారణం. కాన్సాస్ రాష్ట్రంలో పనిచేసిన కీటక శాస్త్రజ్ఞుడు రెజినాల్డ్ పెయింటర్ 1951లో ప్రచురించిన గ్రంథంలో, మొక్కలు కీటకాలను ఎదుర్కొనే పద్ధతులను మూడుగా విభజించారు. పురుగుకు రుచించకుండా ఉండడం మొదటిది. తిన్న పురుగు పెరగకుండా చేయడం రెండవది. దెబ్బ తిని కూడ కోలుకోవడం మూడవది. నూగు, మైనం, ఇసుక పలుకుల వంటి భౌతిక లక్షణాలు ఎక్కువగా మొదటి పద్ధతికి చెందుతాయి. పురుగు కాలు మోపే చోటనే యుద్ధం ముగుస్తుంది.

బార్బర్టన్ పత్తి

ఈ విషయాన్ని పొలంలో స్పష్టంగా నిరూపించిన కథ దక్షిణాఫ్రికాలో జరిగింది. ఆ దేశపు ఈశాన్య భాగాన బార్బర్టన్ అనే చిన్న పట్టణం ఉంది. 1920ల దశకంలో ఎంపైర్ కాటన్ గ్రోయింగ్ కార్పొరేషన్ అనే బ్రిటిష్ సంస్థ అక్కడ పత్తి పరిశోధనా క్షేత్రాన్ని నడిపింది. దాని బాధ్యత వహించిన ఎఫ్.ఆర్. పార్నెల్ అంతకు పూర్వం కోయంబత్తూరులో మద్రాసు ప్రభుత్వపు ఆర్థిక వృక్షశాస్త్రజ్ఞునిగా వరి మీద పరిశోధనలు చేసినవారు. ఆనాటి తమిళ, తెలుగు జిల్లాల రైతులు విరివిగా సాగుచేసిన జి.ఇ.బి. 24 అనే వరి రకం పేరులోని మూడు అక్షరాలు ఆ పదవికి సంకేతాలే.

దక్షిణాఫ్రికాలో పార్నెల్‌కు ఎదురైన సమస్య పచ్చదోమ. అది మన పచ్చదోమకు దాయాది. జాతి వేరైనా చేసే నష్టం ఒకటే. ఆకు అడుగున కూర్చొని రసం పీల్చడం, పీలుస్తూ తన లాలాజలాన్ని ఆకులోనికి వదలడం, దానివలన ఆకు ఎర్రబడి మాడిపోవడం. అమెరికా నుండి తెచ్చిన పత్తి రకాలు అక్కడ కాయ పట్టక ముందే దెబ్బతినేవి. అయితే ఉగాండా మూలం గల విత్తనంలో కొన్ని మొక్కలు నిలబడగలిగాయి. వాటిని ఎంపిక చేసి వృద్ధి చేయగా యు 4 అనే రకం తయారైనది. దక్షిణాఫ్రికా, రొడీషియా తదితర ప్రాంతాలలో పత్తి సాగు నిలదొక్కుకోవడానికి యు 4, దాని సంతతి రకాలు ఆధారమయ్యాయి. పురుగుమందుల పిచికారీ ఇంకా వ్యాపించని కాలం అది.

నిలిచిన మొక్కలకు, కూలిన మొక్కలకు ఉన్న తేడా నూగులో ఉంది. పార్నెల్, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి ఆకుల నూగును సూక్ష్మదర్శిని కింద కొలిచి, పచ్చదోమ సంఖ్యతో సరిపోల్చి, ఆ ఫలితాలను 1949లో ప్రచురించారు. వారు తేల్చిన అంశంలో ఒక మెలిక ఉంది. నూగు ఒత్తుగా ఉంటే చాలదు, పొడవుగా కూడ ఉండాలి. పైగా అది ఆకు అడుగుభాగాన ఉండాలి. పైభాగం ఎంత మెత్తగా, ముఖమల్ వలె ఉన్నా ఫలితం స్వల్పమే.

కారణం సులభంగానే ఊహించవచ్చు. తల్లి పచ్చదోమ తన గుడ్లను ఆకు మీద పెట్టదు. గుడ్లు పెట్టే సూదివంటి అవయవాన్ని ఈనె కండలో గుచ్చి లోపల దాచుతుంది. ఆ సూది పొడవు ఎంతో స్వల్పం. పొడవైన వెండ్రుకలు దట్టంగా నిలిచి ఉంటే పురుగు శరీరం ఆకుకు ఎడంగా ఉండిపోయి, సూది ఈనెను చేరదు. పుట్టిన పిల్ల పురుగులకూ అదే ఇబ్బంది: వాటి నోటి గొట్టం రసం ఉన్న చోటికి అందదు. పొట్టి నూగు ఎంత ఒత్తుగా ఉన్నా ఈ ఎడమును కల్పించలేదు. ఇందులో విషం లేదు, వాసన లేదు. దర్జీ లెక్కవంటి కొలత మాత్రమే ఉంది. బహుశా అందుచేతనే ఈ రక్షణ దశాబ్దాల తరబడి నిలిచింది. ఒక పురుగుమందు అణువును రూపొందించి అంగడికి తేవడానికి రసాయన శాస్త్రజ్ఞులకు పదేళ్ళయినా పట్టగా, దానికి తట్టుకోవడం నేర్చుకోవడానికి కీటకానికి అంతకన్న తక్కువ కాలం చాలిన సందర్భాలు కోకొల్లలు. తన సూదిని పొడవుగా పెంచుకోవడం పచ్చదోమకు అంత తేలిక కాదు.

ఒకరికి కంచె, మరొకరికి చలువ పందిరి

ఇంతవరకు చదివినవారు, అయితే అన్ని పత్తి రకాలకూ నూగు పెంచితే సరిపోతుంది గదా అని ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం ఆంధ్రదేశపు పత్తి పొలాలలోనే దొరుకుతుంది. పత్తిని ఆశించే పురుగు పచ్చదోమ ఒక్కటే కాదు.

తెల్లదోమ కూడ ఆకు అడుగున చేరి రసం పీల్చేదే. కాని దాని అభిరుచి వేరు. అది తన గుడ్లను వెండ్రుకల మొదళ్ళ దగ్గర పెట్టడానికి ఇష్టపడుతుంది. నూగు మధ్య గాలి నిలిచి కొంచెం తేమగా ఉంటుంది; శత్రువుల కంట పడకుండా చాటు కూడ దొరుకుతుంది. అందుచేత ఒక మోస్తరు నూగు గల రకాల మీద తెల్లదోమ ఎక్కువగాను, నున్నని ఆకుల మీద తక్కువగాను ఉంటుంది. శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు సంగతి కూడ ఇటువంటిదే. రాత్రివేళ ఎగురుతూ వచ్చి వాలినప్పుడు దాని కాలిగోళ్ళకు నూగు మంచి పట్టు ఇస్తుంది. టెక్సాస్‌లో 1960, 70 దశకాలలో జరిపిన పరిశీలనలలో నున్నని ఆకుల పత్తిపై ఈ జాతి పురుగుల గుడ్ల సంఖ్య సగానికి మించి తగ్గిన సందర్భాలు ఉన్నాయి. దీనిని చూసిన అమెరికన్ శాస్త్రజ్ఞులు నూగును తొలగించడమే మేలని భావించారు. పచ్చదోమ ఎరుగని దేశంలో ఆ నిర్ణయం తప్పు కాదు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు అటువంటి వెసులుబాటు లేదు. వారి పొలాలలో మూడు పురుగులూ ఉన్నాయి. నూగు తగ్గితే పచ్చదోమ, పెరిగితే తెల్లదోమ, శనగపచ్చ పురుగు. 1970ల తరువాత పొగాకు స్థానంలో పత్తి విస్తరించింది. 1980ల ఆరంభంలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చినప్పుడు వాటి ఫలితం చూసి అందరూ ముచ్చటపడ్డారు. కాయతొలుచు పురుగులు రాలిపోయేవి. వాటితో పాటు తెల్లదోమను తిని బ్రతికే మిత్ర కీటకాలు కూడ రాలిపోయాయి. 1980ల మధ్యకాలంలో తెల్లదోమ విజృంభించి పత్తి చేలు జిగటతో, నల్లని మసితో నిండిపోయాయి. మందు మీద మందు కొట్టవలసి వచ్చింది, అప్పు మీద అప్పు చేయవలసి వచ్చింది. 1987–88లో ఆ జిల్లాలలోను, పదేళ్ళ తరువాత 1997–98లో వరంగల్లు జిల్లాలోను పత్తి రైతులు పురుగుమందునే తాగి ప్రాణాలు తీసుకొన్న వార్తలు విదేశాలలోని తెలుగువారిని కూడ కలచివేశాయి.

ఆ విషాదాలకు ఆకు నూగే కారణమని చెప్పడం సరికాదు. ధరలు, అప్పులు, వానలు, నకిలీ మందులు, శనగపచ్చ పురుగు మందులకు లొంగకపోవడం – ఇన్ని కలిశాయి. కాని దిగుబడి ఒక్కటే చూసి విత్తనాన్ని ఎన్నుకొని, మిగిలినదంతా మందు డబ్బాకు వదలివేసినప్పుడు మొక్క తన సొంత ఆయుధాన్ని పోగొట్టుకొంటుందన్న సంగతిని అప్పట్లో చాలినంతగా పట్టించుకోలేదని చెప్పక తప్పదు. గుంటూరు సమీపంలోని లాం పరిశోధనా స్థానం నుండి తెల్లదోమను తట్టుకొనే కాంచన వంటి రకాలు వచ్చాయి. అయినప్పటికీ అంగడిలో హైబ్రిడ్ విత్తనాలదే పైచేయి అయింది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కాయతొలుచు పురుగుల నుండి చాలకాలం ఉపశమనం కలిగించింది. కాని బీటీ విషం రసం పీల్చే పురుగులపై పనిచేయదు. అనేక బీటీ హైబ్రిడ్‌లు పచ్చదోమకు సులభంగా లొంగేవే. విత్తనానికి పట్టించిన ఇమిడాక్లోప్రిడ్ మందు తొలి వారాలలో ఆ లోటును కప్పిపుచ్చింది. పచ్చదోమ ఆ మందును తట్టుకోవడం నేర్చిందన్న నివేదికలు తరువాత పలు పత్తి ప్రాంతాల నుండి వచ్చాయి.

కొక్కెం నూగు, జిగురు నూగు

నూగు అంతా ఒకే విధంగా ఉండదు. రాజ్మా చిక్కుడు ఆకును అరచేతికి అద్దితే అతుక్కొన్నట్లు అనిపిస్తుంది. దాని వెండ్రుకల కొనలు కొక్కేల వలె వంగి ఉండడమే కారణం. బాల్కన్ దేశాలలో పూర్వం నల్లుల బాధ ఉన్న ఇళ్ళలో రాత్రిపూట పడక చుట్టూ ఈ ఆకులు పరిచేవారు. తెల్లవారేసరికి నల్లులు ఆకులపై చిక్కుకొని ఉండేవి; వాటిని ఆకులతో సహా కాల్చివేసేవారు. ఇది మూఢనమ్మకం కాదని 1943లో అమెరికాలో సూక్ష్మదర్శిని పరిశీలన తేల్చింది. అమెరికా నగరాలలో నల్లులు మళ్ళీ పెరిగిన తరువాత, కాలిఫోర్నియా, కెంటకీ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు 2013లో మరింత నిశితంగా పరిశీలించి, కొక్కెం నల్లి పాదంలోని పలుచని పొరను గుచ్చి లోపలికి దిగుతుందని చూపారు. అదే ఆకారంలో ప్లాస్టిక్ కొక్కేలు పోత పోసి చూశారు. అవి నల్లిని క్షణకాలం తట్టుకొనేట్లు చేశాయి గాని గుచ్చి పట్టుకోలేకపోయాయి. చిక్కుడాకును అనుకరించడం అనుకొన్నంత తేలిక కాలేదు.

నల్లి చిక్కుడు మొక్కకు శత్రువు కాదు. పొరపాటున చిక్కిన అతిథి మాత్రమే. అసలు గురి పచ్చదోమ బంధువుల మీద. చిక్కుడును ఆశించే ఒక అమెరికా జాతి పచ్చదోమ పిల్లలు ఈ కొక్కేలకు చిక్కి చనిపోవడాన్ని 1976లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి వచ్చిన పరిశోధన వివరించింది.

మరొక తరహా నూగు కొనలో చిన్న గ్రంథి ఉంటుంది. బొలీవియా కొండలలో పెరిగే ఒక అడవి బంగాళాదుంప జాతి ఇందుకు ప్రసిద్ధి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ కేంద్రంలో పనిచేసిన ఆర్.డబ్ల్యు. గిబ్సన్ 1971లో దీనిని వెల్లడించారు. ఈ ఆకుపై రెండు విధాల గ్రంథులు ఉన్నాయి. పొడవైన వెండ్రుకల కొనలో ఎల్లప్పుడు ఒక జిగురు బొట్టు నిలిచి ఉంటుంది. చక్కెరకు కొవ్వు ఆమ్లాలు జతపడిన పదార్థం అది. పొట్టి వెండ్రుకల కొన నాలుగు తమ్మెలుగా ఉండి, తాకగానే పగులుతుంది. పేనుబంక పురుగు ముందు జిగురు బొట్టులో కాలు పెడుతుంది. విడిపించుకోవడానికి గింజుకొన్నప్పుడు పొట్టి గ్రంథులు పగులుతాయి. వాటిలోని ఫినాలు పదార్థాలు, వాటిని మార్చే ఎంజైము, బయటి గాలిలోని ఆక్సిజన్ ఒకచోట కలుస్తాయి. కొద్దిసేపటిలో అదంతా నల్లబడి గట్టి బంకగా మారుతుంది. పురుగు కాళ్ళు కూరుకుపోతాయి, నోరు పూడిపోతుంది. కోసిన వంకాయ ముక్కను నీటిలో వేయకపోతే నల్లబడేది కూడ ఈ చర్యవలననే. వంటింటిలో ఇల్లాలికి చికాకు కలిగించే రసాయన చర్యను అడవి దుంప ప్రాణరక్షణకు వాడుకొంటున్నది. ఇక్కడ భౌతిక రక్షణ ఎక్కడ ముగిసి రసాయనిక రక్షణ ఎక్కడ మొదలైనదో గీత గీయడం కష్టం.

ఈ గుణాన్ని సాగు బంగాళాదుంపలోనికి తేవడానికి కార్నెల్‌లో దీర్ఘకాలం కృషి జరిగింది. జిగురు నూగు వచ్చింది గాని, దాని వెంట అడవి జాతి చేదు, ఆలస్యంగా పండే గుణం, తక్కువ దిగుబడి కూడ వచ్చి పడ్డాయి.

జొన్న మొవ్వులో తడి

రక్షణ వెండ్రుకలతోనే ఆగిపోలేదు. వరి కోతలో చేతులు గీసుకుపోవడం పల్లె ఎరిగినవారికి కొత్త కాదు. వరి తన వేళ్ళ ద్వారా పీల్చిన సిలికాను, అనగా ఇసుకలోని పదార్థాన్నే, ఆకు అంచులలోను కాండంలోను పలుకులుగా నిలుపుకొంటుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో 1967లో వెలువడిన పరిశోధన ప్రకారం, సిలికా ఎక్కువగా ఉన్న వరిని తిన్న కాండం తొలుచు పురుగుల దవడలు అరిగిపోయాయి. రాళ్ళున్న అన్నం తిన్నవారికి ఆ బాధ తెలియనిది కాదు.

అయితే ఆకు ఉపరితలంపై జరిపిన పరిశోధనలలో మిక్కిలి ఆసక్తికరమైనది హైదరాబాదు పొలిమేరలో జరిగింది. 1972లో పటాన్‌చెరు వద్ద నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ చేపట్టిన సమస్యలలో జొన్న మొవ్వు ఈగ ఒకటి.

ఇంటి ఈగ కన్న చిన్నదైన ఈ బూడిదరంగు ఈగ, జొన్న మొలకెత్తిన వారం రోజుల నుండి నెల లోపల దాడి చేస్తుంది. ఆకు అడుగున, నడిమి ఈనెకు సమాంతరంగా, ఒక్కొక్క తెల్లని గుడ్డు పెడుతుంది. రెండు మూడు రోజుల తరువాత తెల్లవారుజామున గుడ్డు పగిలి పురుగు బయటపడుతుంది. కాళ్ళు లేని ఈ చిన్న పురుగు ఆకు వెంబడి పాకి మొవ్వులోనికి దిగి, ఎదిగే మొనను కోసివేస్తుంది. మొవ్వు వాడి ఎండిపోతుంది. పట్టి లాగితే చేతిలోనికి ఊడివస్తుంది. మొదలు కుళ్ళి దుర్వాసన కొడుతుంది. ఆ కుళ్ళును తిని పురుగు పెరుగుతుంది. మొక్క పక్క పిలకలు వేస్తే వాటినీ వదలదు.

ఈ ఈగ ఆసియా, ఆఫ్రికా, మధ్యధరా ప్రాంతాలలో ఉంది. అమెరికా ఖండాలలో లేదు. ఈ ఒక్క సంగతి భారతదేశపు జొన్న చరిత్రలో పెద్ద పాత్ర వహించింది. 1964లో విడుదలైన తొలి సంకర జొన్న సి.ఎస్.హెచ్. 1 తల్లి వంశం అమెరికా నుండి తెచ్చిన పొట్టి జొన్న. దిగుబడిలో అది నాటు రకాలను ఎంతో మించింది. కాని దాని పూర్వికులు మొవ్వు ఈగను ఏనాడూ ఎరుగరు. తొలకరికి ఆలస్యంగా విత్తిన పొలాలలో మొవ్వు చచ్చిన మొక్కలే ఎక్కువ కనిపించేవి. తొలి వానకే జొన్న విత్తాలన్న పెద్దల పట్టుదలలో ఈగ సంఖ్య పెరగకముందే పైరు ఆ వయసు దాటాలన్న లెక్క ఇమిడి ఉంది. వర్షాలు ఆ లెక్క ప్రకారం రావు గదా! తెలంగాణలో మాఘీ జొన్నను సెప్టెంబరులో విత్తక తప్పదు.

దీనికి భిన్నంగా, దక్కన్ పీఠభూమి రబీ జొన్నలు ఈగను ఎంతో కొంత తట్టుకొంటాయి. షోలాపూరు జిల్లా మోహోల్‌లో 1930ల దశకంలో స్థానిక మాల్దండి జొన్న నుండి ఎంపిక చేసిన ఎం 35-1 ఇందుకు ఉదాహరణ. రొట్టెకు దానికి సాటి లేదని ఇప్పటికీ పేరు. ఈగ ఎక్కువగా ఉండే కాలంలోనే శతాబ్దాల తరబడి విత్తుతూ వచ్చిన రైతులు, తమకు తెలియకుండానే ఈగను తట్టుకొనే మొక్కల విత్తనాన్ని దాచుకొంటూ వచ్చారు.

ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ప్రపంచం నలుమూలల నుండి సేకరించిన వేలాది జొన్న రకాలను ఈగకు ఎదురొడ్డి పరీక్షించారు. ఇందుకు ఈగలు సమృద్ధిగా కావాలి. ఈగకు లొంగే రకాన్ని ఇరవై రోజులు ముందుగా వరుసలుగా విత్తి, చేల మధ్య చేపల పొడిని ఉంచి ఈగలను ఆకర్షించేవారు. ఆ వాసన మధ్య తట్టుకొని నిలిచిన రకాలలో రెండు లక్షణాలు తరచుగా కనిపించాయి. ఒకటి, ఆకు అడుగున సన్నని నూగు. రెండవది, మొలక దశలో ఆకులు లేత పచ్చగా, సన్నగా, నిటారుగా, నిగనిగలాడుతూ ఉండడం. ఇథియోపియా నుండి వచ్చిన ఐ.ఎస్. 18551 అనే రకంలో ఈ గుణాలు చక్కగా ఉన్నాయి. నేటికీ దానినే కొలమానంగా వాడుతున్నారు.

నిగనిగకు ఈగకు సంబంధం ఏమిటి? మామూలు జొన్న మొలక ఆకుపై మైనపు స్ఫటికాలు దట్టంగా ఉండి బూజు పట్టినట్లు మసకగా కనిపిస్తుంది. నిగనిగలాడే ఆకుపై ఆ మైనం పలుచన. వేకువన మొవ్వులోని లేత ఆకును పరిశీలిస్తే, ఈగకు లొంగే రకాలలో సన్నని నీటి బిందువులు ఎక్కువగాను, తట్టుకొనే రకాలలో తక్కువగాను కనిపించాయి. గుడ్డు పగిలేది ఆ వేళనే. కాళ్ళు లేని పురుగుకు జారి వెళ్ళడానికి తడి కావాలి. తడి లేకపోతే అది మొవ్వును చేరకముందే ఎండి చస్తుంది. ఇక్రిశాట్‌లో కీటక శాస్త్రజ్ఞునిగా పనిచేసి, తరువాత 2009 నుండి 2017 వరకు ఐక్యరాజ్యసమితి వ్యవసాయాభివృద్ధి నిధికి అధ్యక్షత వహించిన నైజీరియా దేశస్థుడు కనాయో న్వాంజే, ఆయన సహచరులు 1990ల తొలి సంవత్సరాలలో ఈ తడిని నిశితంగా పరిశోధించారు. అప్పటివరకు అందరూ అది మంచు అనుకొన్నారు. కాని అది గాలిలో నుండి కురిసినది కాదు, మొక్కలో నుండే ఊరినదని తేలింది. అనగా శత్రువు నడిచి వచ్చే బాటను మొక్కే తడుపుతున్నది!

ఈ నిగనిగ మొలక దశలోనే స్పష్టంగా ఉండి, మొక్క ఎదిగిన కొలది కనుమరుగవుతుంది. ఈగ భయం తీరే వయసు కూడ అదే. హైదరాబాదులోని జాతీయ జొన్న పరిశోధనా కేంద్రం శాస్త్రజ్ఞులు 2009లో, నిగనిగను, నూగును శాసించే ముఖ్యమైన జన్యు భాగాలు జొన్నలో వేర్వేరు క్రోమోజోములపై ఉన్నట్లు ప్రకటించారు. రెండింటినీ ఒకే మొక్కలోనికి చేర్చే పనికి ఇది దారి చూపింది.

ఇంత చెప్పినా ఈ రక్షణకు హద్దులు ఉన్నాయి. తట్టుకొనే రకం, లొంగే రకం పక్కపక్కన ఉన్నప్పుడు ఈగ రెండవదానిని ఎన్నుకొంటుంది. చుట్టూ తట్టుకొనే రకమే ఉంటే, వేరే గతి లేక దాని మీదనే గుడ్లు పెడుతుంది; నష్టం తగ్గుతుంది గాని పోదు. మరొక చిక్కు మిత్ర కీటకాలతో. శత్రు పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టే సూదిమొనంత కందిరీగకు కూడ నూగు అడవిలాగానే ఉంటుంది. నెదర్లాండ్స్ గాజు తోటలలో తెల్లదోమను అదుపు చేయడానికి వదిలే చిన్న కందిరీగలు నూగు దోసాకుల మీద నెమ్మదిగా నడిచి, వేటను సరిగా సాగించలేకపోయాయి. అక్కడ నూగు తగ్గించవలసి వచ్చింది.

జార్జియా పత్తి, పెరటి బెండ

పచ్చదోమ అమెరికా చేరిన తరువాత పార్నెల్ నాటి ప్రశ్న అక్కడ మళ్ళీ తలెత్తింది. నున్నని ఆకుల వైపు అమెరికా మొగ్గు చూపడానికి శనగపచ్చ పురుగు బంధువులు ఒక కారణమైతే, కోత యంత్రం మరొక కారణం. భారతదేశంలో పత్తిని స్త్రీలు చేతితో తీస్తారు. ఆకు చెట్టుననే ఉంటుంది. అమెరికాలో ఆకు రాల్చే మందు కొట్టి, యంత్రంతో తీస్తారు. నూగు ఆకు ఎండిన తరువాత నలిగి, ఆ వెండ్రుకలతోనే దూదిని పట్టుకొని ఉంటుంది; జిన్నింగ్ మిల్లులో సులభంగా వదలదు. ప్రభుత్వ తనిఖీలో దూదిలోని ఆకు నలుసులకు వేరుగా అంకె వేస్తారు. ఆ అంకె పెరిగితే రైతుకు ధర తగ్గుతుంది. చేతితో తీసే దేశంలో ఖర్చు లేని రక్షణ, యంత్రంతో తీసే దేశంలో ధర కోతగా పరిణమిస్తుంది. పచ్చదోమకు మందు కొట్టే ఖర్చు ఎక్కువా, నలుసుల వలన పోయే ధర ఎక్కువా అన్న లెక్క జార్జియా, కరోలినా రైతులు ఇప్పుడు వేసుకోవలసి వస్తున్నది.

పెరటి బెండకు ఆ చిక్కు లేదు. బెండలో కూడ నూగు ఎక్కువ ఉన్న రకాలపై పచ్చదోమ తక్కువగా ఉంటుందని భారతదేశపు పరిశోధనలు చూపాయి. విత్తనాలు ఎన్నుకొనేటప్పుడు కాయ నునుపును మాత్రమే గాక ఆకు అడుగు భాగాన్ని కూడ గమనించవచ్చు. వారానికి రెండుమార్లు ఉదయంపూట ఆకులు తిరగవేసి చూడడం, అంచులు ఎర్రబడకముందే పిల్ల పురుగులను గుర్తించి నీటి ధారతో గట్టిగా కడిగివేయడం, దగ్గరలోని వంగ, మందార మొక్కలను కూడ మరువకుండా చూడడం వలన మందు అవసరం చాలవరకు తప్పుతుంది. నూగు బెండను ఎంచుకొన్నవారు కాయలు కోసే వేళ చేతికి తొడుగు వేసుకొంటే మంచిది.